డైనోసార్ బల్లే అనుకుని పోగొట్టుకున్న మార్కు

ఫ్రెండ్స్, గ్రూప్స్‌కి రెండో ఏడు చదువుతున్నప్పుడు ఒక మాక్ టెస్టులో రెండు స్టేట్‌మెంట్ల బిట్టు వచ్చింది. ఒకటి: డైనోసార్ అనే పేరు గ్రీకు నుంచి వచ్చింది. రెండు: డైనోసార్లు బల్లి జాతికి చెందినవి. 'డైనోస్' అంటే భయంకరమైన, 'సారోస్' అంటే బల్లి అని నోట్స్‌లో ఎర్ర పెన్నుతో రాసుకున్నవాణ్ణి కదా, రెండూ కరెక్టేనని ధీమాగా బబుల్ చేశాను. మార్కు రాకపోగా నెగెటివ్ పడింది.

ఆ రాత్రి స్టడీ హాల్లో దాని సంగతేంటో చూద్దామని కూర్చున్నాను. 1842లో ఈ పేరు పెట్టింది రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త. మెగలోసారస్, ఇగ్వానోడాన్, హైలియోసారస్ అనే మూడింటి శిలాజాలు చూసి పెట్టాడు. 'డైనోస్'ని ఆయన వాడింది కూడా భయం పుట్టించేంత పెద్దవి అనే అర్థంలో. బల్లి అన్నది పేరులో ఉందంతే. బల్లి కాళ్లు పక్కలకు చాపుకుని ఉంటాయి, డైనోసార్ కాళ్లు ఒంటి కిందికి నిటారుగా దిగుతాయి. వీటికి బల్లుల కంటే మొసళ్లు దగ్గరి చుట్టాలు. పక్షులైతే ఏకంగా వీటి సంతతే.

అప్పట్నుంచి పేర్లు బట్టీ కొట్టడం మానేసి విడగొట్టడం మొదలుపెట్టాను. ట్రైసెరటాప్స్: ట్రై మూడు, కెరాస్ కొమ్ము, ఆప్స్ ముఖం. మూడు కొమ్ముల మొహం అనుకున్నాక ఇంకేం మర్చిపోతాం! 'టెరాన్' అంటే రెక్క అని తెలిస్తే టెరోడాక్టైల్ అనే పాతకాలపు ఎగిరే సరీసృపం పేరుతో పాటు హెలికాప్టర్ కూడా ఉచితంగా వచ్చేస్తుంది. అలాగని అన్నీ గ్రీకే అనుకుంటే మళ్లీ దెబ్బ తింటారు. వెలాసిరాప్టర్ మొత్తం లాటిన్. టైరనోసారస్ రెక్స్‌లో 'రెక్స్' లాటిన్, రాజు అని. బారాపాసారస్‌లో ముందు ముక్క బెంగాలీ, పెద్ద కాలు అని. ఆ ఎముకలు దొరికింది మాత్రం మన గోదావరి లోయలోనే.

కోటాసారస్ దగ్గర మా బ్యాచ్‌లో సగం మంది రాజస్థాన్ కోటా అనుకున్నారు. కోచింగ్ ప్రభావం! అది ప్రాణహిత పక్కనున్న కోట ఊరి పేరుతో పిలిచే రాతి పొరల్లోంచి వచ్చిన పేరు. దాని పూర్తి పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్, ఎముకలు దొరికిన యామన్‌పల్లి పేరు మీద. అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. ఒక ఆదివారం రూమ్మేట్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను. నేను దాని కాళ్లకేసే చూస్తుంటే వాడు నవ్వి, "చాల్లే అన్నా, బల్లి కాదులే" అన్నాడు.