స్వామిని మళ్ళీ డాష్‌బోర్డు ఎక్కించిన రోజు

సోమవారం, రాత్రి 9:40

పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఉంది. నిన్న మద్రాసు దగ్గర రేస్ ట్రాక్ మీద నా కారు నడపడం నేర్చుకున్నంతసేపూ తెలియని హెల్మెట్ బరువు ఇవాళ తెలిసింది. కాఫీ తాగి, శనివారం వరండాలో కుప్ప పోసిన సామానంతా కార్లో సర్దడానికి కూర్చున్నా. స్టెప్నీ, జాకీ, కాళ్ళ కింద మ్యాట్లు, రొయ్యల మేత శాంపిల్ ప్యాకెట్లు, ఎప్పటివో రెండు గొడుగులు. అన్నిటికంటే ఆఖర్న, పెంచలకోన నుంచి తెచ్చిన నరసింహస్వామి బొమ్మ.

శనివారం ఆ బొమ్మ దగ్గరే గొడవైంది. ట్రాక్ మీదికి పోయే కార్లో కదిలే వస్తువు ఒక్కటీ ఉండకూడదు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు నీళ్ళ సీసా దొర్లుకుంటూ వచ్చి పెడల్ కింద ఇరుక్కుందంటే అంతే. మ్యాట్లు తీసేదీ అందుకే. ఇదంతా అమ్మకు చెబుతూ బొమ్మ పీకుతుంటే, "సంతకు పోయేదానికి స్వామి కావాల, అంత స్పీడుగా పోయేదానికి అక్కర్లేదా?" అంది. నేనేం చెప్పగలను!

ఆటోనగర్‌లో మెకానిక్ అన్న మాత్రం పెద్దగా ఏమీ అనలేదు. బ్రేక్ ఆయిల్ మార్చమంటే మూత తీసి చూసి, "మూడేళ్ళుగా ముట్టుకోలేదే" అన్నాడు. ఆ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. నీరు చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 4 రకం కొత్తదైతే 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి, తేమ పట్టిందంటే ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగి బుడగలొస్తే పెడల్ మెత్తగా నేలకు పోతుంది. ఊళ్ళో తిరిగే కారుకు ఇది ఎప్పుడూ పట్టదు కాబట్టే మనమూ పట్టించుకోం. అతను పని చేస్తున్నంతసేపు నేను ఇన్సూరెన్స్ కాగితం మొదటిసారి పూర్తిగా చదివా. రేసులకు, స్పీడ్ టెస్టులకు వర్తించదని అందులో స్పష్టంగా ఉంది. గోడకు గుద్దితే ఖర్చు నాదే. ఆ ఒక్క వాక్యమే నిన్న నన్ను కాస్త పద్ధతిగా నడిపించిందనుకుంటా.

నిన్న మూడింటికే నెల్లూరులో బయల్దేరా. తెల్లవారేసరికి షోలవరం దాటాను. రన్‌వే మీద కార్ల రేసులు జరిగిన ఊరు ఇదేనని మద్రాసు పోయినప్పుడల్లా నాన్న కిటికీలోంచి చూపించేవాడు. ఎన్నిసార్లు చూసినా నాకు చెట్లే కనిపించేవి. 1990లో శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది. నేను పోయింది అక్కడికే. చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు.

మొదటి విడత అంతా ముందు ఇన్‌స్ట్రక్టర్ కారు, వెనక మేం, బాతుల్లాగా. రెండో విడతకు ఆయనే నా పక్కన కూర్చున్నాడు. ముందు సీటు సరిచేయించాడు: వీపు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైన పడాలట. పద్నాలుగేళ్ళుగా పడక కుర్చీలో కూర్చున్నట్టు నడిపానన్నమాట. తర్వాత వచ్చీరాని తెలుగులో ఒకటే మాట: "చూపు, చూపు." నేను బానెట్ ముందు పది అడుగులు చూస్తున్నా. ఆయన తర్వాతి మలుపు చూడమంటాడు. చూపు ఎక్కడుంటే చేతులు అక్కడికే పోతాయి. మలుపు లోపలి అంచు చూస్తే కారు దానికి ఆనుకుని పోయింది. భయంతో బయటి గడ్డిని చూశా, గడ్డిలోకే పోయింది. రెండు చక్రాలు. ఆయన ఏమీ అనలేదు, ముక్కు గోక్కున్నాడు.

బ్రేకు కూడా తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా వేసి, వదిలి, అప్పుడు తిప్పాలి. మలుపు మధ్యలో బ్రేకు వేసే అలవాటు నాకు మైపాడు రోడ్డు నేర్పింది. అది ఒక్కరోజులో పోదు.

నాలుగో చుట్టులో కాలిన వాసన మొదలైంది. పెడల్ గట్టిగానే ఉంది, కారు మాత్రం ఆగాల్సిన చోట ఆగడం లేదు. ఆయిల్ బాగానే ఉంది, చక్రాన్ని పట్టి ఆపే బ్రేక్ ప్యాడ్లే వేడికి పట్టు వదిలేశాయి. ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి చల్లార్చి లోపలికి తెచ్చా. హ్యాండ్‌బ్రేక్ లాగబోతే ఆయన చెయ్యి పట్టుకున్నాడు. వేడి మీద లాగితే అతుక్కుంటుందట, గేర్లో వేసి వదిలేయాలి. వెనక వేగంగా వచ్చేవాళ్ళకు దారిమ్మని చూపించే నీలం జెండా రోజంతా నాకోసమే ఊపినట్టున్నారు.

ఇవాళ ఇందుకూరుపేట వైపు చెరువుల దగ్గరికి పోతుంటే స్టీరింగ్ బరువుగా తోచింది. పంక్చర్ షాపులో చూపిస్తే టైర్లన్నిటికీ గాలి 27. "నాలుగింటికీ ఒకేసారి తగ్గిందేందన్నా?" అన్నాడు ఆ అబ్బాయి అనుమానంగా. నిన్న 32 పెట్టి పోతే వేడికి 38కి ఎక్కింది, అక్కడే గాలి తీయించారు. ఇంటికి బయల్దేరేముందు మళ్ళీ నింపుకోవాలని నాకు తోచలేదు. అంత దూరమూ అలాగే వచ్చేశా. సిగ్గుపడాల్సిన విషయమే.

దారిలో గేదెల మంద దూరం నుంచే కనిపించింది. మామూలుగా హారన్ కొట్టాకే చూసేవాణ్ణి. కాసేపటికి ఇనుప కమ్మీల లారీ, వెనక ఎర్రగుడ్డ. ట్రాక్ మీద ఎర్ర జెండా చూపిస్తే వేగం తగ్గించి పిట్‌లోకి, అంటే కార్లు ఆపే చోటికి, పోవాలి. తెలియకుండానే కాలు తీసేసి, పిట్ ఎక్కడా అని వెతికా. నాలో నేనే నవ్వుకున్నా.

సాయంత్రం బొమ్మకు కొత్త జిగురు రాస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది.

"నిన్నెంతమంది దాటిపోయినారు?"

"అందరూ."

"ఊఁ" అంటూ బొమ్మను నా చేతిలోంచి తీసుకుని, నేను పెట్టబోయిన చోట కాకుండా కాస్త కుడికి, నా కళ్ళెదురుగా అతికించింది. రోడ్డు కనపడటం లేదు. రేపు జరపాలి, ఆమె గుడికి పోయాక.