రాలికాయల రోజు

ఆదివారం, కృత్తిక కార్తె.

రాత్రి గాలివానకి కోనసీమలో మామిడితోటల కింద రాలిన కాయలతో అడుగు తీసి అడుగు వేసే చోటు లేదు. తెల్లారేసరికి వీధిలోకి సైకిళ్ళ మీద గంపలొచ్చేశాయి. "రాలికాయలండీ, కొత్తపల్లి కొబ్బరండీ, రేపటికి ఉండవండీ" అని కేక. చెట్టు మీంచి జాగ్రత్తగా దింపిన కాయకీ దీనికీ ధరలో పొంతనే లేదు. కానీ ఆ చౌకంతా ఒక్క రోజుదే. కిందపడి దెబ్బ తగిలినచోట సాయంత్రానికి లోపల రంగు మారి, మర్నాటికి మెత్తబడుతుంది. పైకేమీ కనిపించదు, కోస్తేనే తెలుస్తుంది. అందుకే రాలికాయ కొన్న రోజు మిగతా పనులన్నీ పక్కన పెట్టాలి. అంత తీరిక లేకపోతే అసలు కొనకపోవడమే ఆదా.

ముందు ఏరుకోవాలి. గంగాళం నిండా నీళ్ళు పోసి కాయలు వేస్తే మునిగేవి ముదురు, తేలేవి లేత. ముచ్చిక చుట్టూ భుజాలు లేచి, టెంక గట్టిపడ్డవి మాగాయకి. టెంక కట్టనివి ఉప్పు పట్టించి ఎండబెట్టే ఒరుగులకీ, పప్పులోకీ. పగిలి మట్టి దూరినవీ, ఉడతలు కొరికినవీ ఎంత బాగున్నా పారెయ్యాల్సిందే. దెబ్బకాయని పండేద్దామని గడ్డిలో పెడితే పండదు, కుళ్ళుతుంది, పక్కవాటినీ కుళ్ళబెడుతుంది. ఇంకా సొన కారుతున్న కాయలుంటే ముచ్చిక తుంచి కాసేపు బోర్లించి, మళ్ళీ కడగాలి. తరిగేముందు చేతులకి కొబ్బరినూనె రాసుకుంటే చర్మం పేలదు.

మాగాయకి కొలత ఎప్పుడూ చెక్కు తీసి తరిగిన ముక్క బరువు మీదే పెట్టుకోవాలి. "పాతిక్కాయలకి ఇంత ఉప్పు" అనే లెక్క రాలికాయల దగ్గర పనికిరాదు, ఒక్కో కాయ ఒక్కో సైజు. కిలో ముక్కలకి దంచిన కల్లుప్పు 150 గ్రాములు, పసుపు రెండు చెంచాలు. ముక్క నిలువుగా, రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీదొకటి పెట్టినంత మందంలో ఉండాలి. నల్లబడ్డ చోట చుట్టూ మరికాస్త కండతో సహా కోసి తీసెయ్యాలి. ఉప్పూ పసుపూ కలిపి జాడీకెత్తాలి. స్టీలుగిన్నె, అల్యూమినియం గిన్నె వద్దు, పులుపూ ఉప్పూ కలిసి లోహాన్ని తినేస్తాయి. రోజూ పొడి గరిటెతో అడుగు ముక్క పైకొచ్చేలా కలపాలి.

మూడో రోజుకి ఊట బాగా ఊరుతుంది. ముక్కల్ని గట్టిగా పిండి చాప మీద పరిచి, ఊటని వెడల్పాటి పింగాణీ పళ్ళెంలో పోసి, రెండూ ఎండలో పెట్టాలి. మాగాయ బాగు ఓగు తేలేది ఇక్కడే. ముక్క అంచులు ముడుచుకుని, మధ్యలో ఇంకా వంగుతూ ఉండగానే తీసెయ్యాలి. గలగలమనేదాకా ఎండిస్తే ఆ తరవాత ఊటలో ఎన్నాళ్ళు నానినా బిరుసు పోదు. పచ్చిగా ఉండగా తీస్తే వానాకాలంలో బూజు ఖాయం. ఈ కార్తెలో సాయంత్రాలు మబ్బు పట్టడం మామూలే కనక ఒకటి గుర్తుంచుకోవాలి: మబ్బు కనిపిస్తే సగం ఎండిన ముక్కల్ని గదిలో చాప మీద ఆరబెట్టకూడదు, తిరిగి ఊటలో వేసి జాడీ మూసెయ్యాలి. ఉప్పూటలో మునిగి ఉన్నంతసేపు ముక్కకేమీ కాదు. చెమ్మగాలికి బయట ఉంటేనే పాడవుతుంది. మర్నాడు ఎండ రాగానే మళ్ళీ పిండి ఆరబెట్టుకోవచ్చు.

ఎండాక ముక్కల్ని ఊటలో కలిపి, కిలోకి కారం 100 గ్రాములు, మెంతిపిండి 25 గ్రాములు, ఆవాలూ ఇంగువా తిరగమోత పెట్టిన పప్పునూనె (నువ్వులనూనె) పావుకిలో. ఈ కిలో పచ్చిముక్క కిలోనే, ఎండిన ముక్కని తూచి వేస్తే కారం చాలదు. మెంతులు సన్నని సెగ మీద ఎర్రబడితే చాలు, నల్లబడితే జాడీ అంతా చేదే. నూనె పూర్తిగా చల్లారాకే పోయాలి. వేడినూనె పడితే కారం మాడి రంగు పోతుంది.

చెక్కులతో ఇత్తడి బిందెలు తోముకోవచ్చు. చెక్కు లోపలివైపు కాస్త ఉప్పు అద్ది రుద్దితే చింతపండు ఖర్చు లేకుండా మెరుస్తాయి, కాకపోతే వెంటనే కడిగి తుడవాలి, లేకపోతే మచ్చలు పడతాయి. టెంకలకి అంటుకున్న కండ రాత్రి పులుసులోకి సరిపోతుంది.

ఒరుగులు తేలిక. లేతకాయ చెక్కు తీసి తరిగి, కిలోకి 50 గ్రాముల ఉప్పూ చెంచాడు పసుపూ పట్టించి ఎండబెట్టడమే. మాగాయ ముక్కకి ఇది పూర్తిగా తిరగబడ్డ లెక్క: వంచితే వంగకూడదు, పుటుక్కున విరగాలి. మృగశిర వచ్చేలోపే డబ్బాలకెత్తెయ్యాలి. వానాకాలంలో చిన్నగ్లాసు కందిపప్పుకి ఏడెనిమిది ఒరుగులు వేణ్ణీళ్ళలో నానబెట్టి, పప్పు మెత్తగా ఉడికాకే వెయ్యాలి. ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు ఉడకదు. ఒరుగులో ఉప్పుంది కనక పప్పులో ఉప్పు తగ్గించుకోవాలి.

మధ్యాహ్నానికి కరెంటు రాలేదు, మిక్సీ లేదు. అయినా మామిడికాయ కొబ్బరిపచ్చడికి రోలే మేలు. కొబ్బరిచిప్ప ఒకటి, మధ్యరకం కాయ సగం, పచ్చిమిర్చి ఆరు, మినప్పప్పు, ఆవాలు, పావుచెంచా మెంతులు వేయించిన పోపు. ముందు పోపూ మిర్చీ ఉప్పూ దంచి, తరవాత కొబ్బరి, చివర్న మామిడి ముక్కలు. చుక్క నీరు పొయ్యకూడదు, కాయలోని రసమే చాలు. రాత్రికి మించి ఉంచొద్దు, పచ్చికొబ్బరి పులుస్తుంది.

పక్కింటి పిన్నిగారు గోడ మీంచి "మట్టలు కూడా పడ్డాయి గదే, ఆకులు చీరి ఈనెలు తియ్యవే, చీపురు కొనే పని తప్పుతుంది" అన్నారు. పచ్చిగా రాలిన కొబ్బరిమట్ట ఏడాదంతా దొరకదు. ఎండి ఊడిపడ్డ మట్ట ఈనె పెళుసు, వాకిలి రెండుసార్లు ఊడిస్తే విరుగుతుంది. పచ్చిమట్ట ఈనె సాగుతుంది. మట్టకి రెండొందల ఆకుల దాకా ఉంటాయి. పిడికిలినిండా పట్టే చీపురుకి రెండు మట్టలు కావాలి. ఆకు మొదలు పట్టుకుని, ఈనెకి అటూ ఇటూ చాకుని కొసదాకా ఒక్క లాగు లాగాలి. మధ్యలో ఆపితే ఈనెకి ఆకు పీలికలు మిగిలి ఊడ్చేటప్పుడు చెత్త రాలుస్తుంది.

తీసిన వెంటనే కట్టెయ్యకూడదు. పచ్చి ఈనె ఆరి సన్నబడ్డాక కట్టు వదులై ఒక్కొక్కటే జారిపోతుంది. రెండు ఎండలు తగిలాక మొదళ్ళు నేలకి తట్టి సమం చేసి, మొదలుకి బెత్తెడు ఎగువన పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించాలి. తాడు సాగి వదులవుతుంది, రబ్బరు పట్టి ఉంచుతుంది. తరవాత మట్ట ముక్కనే చీలలా చెక్కి మొదళ్ళ మధ్యలోకి దిగ్గొట్టాలి. పది రోజులు వాడాక ఆ చీలని ఇంకో రెండు దెబ్బలు కొడితే మళ్ళీ బిగుస్తుంది. ఊడ్చాక కొసలు పైకి ఉండేలా నిలబెట్టాలి, తడినేల మీద కొసలు ఆనితే కుళ్ళి పొట్టయిపోతాయి. చీరిన ఆకు పాదుల్లో వేస్తే ఎండకి నేల ఆరిపోదు. మట్ట ఎండబెడితే వేణ్ణీళ్ళ పొయ్యికి.

ఇంకా సగం గంప కాయలున్నాయి. దీపం వెలుగులోనైనా అవి తరిగి ఉప్పు పట్టించాకే పడక.