పాలిటోపియా అప్‌డేట్‌కు నా నౌకాదళం మునిగింది: నా అనుభవం

సూపర్ ట్రైబ్స్ అని పేరున్న కాలం నుంచి, అంటే 2016 నుంచి, నేను పాలిటోపియా అనే ఫోన్ ఆట ఆడుతున్న. ఒక తెగను పట్టి, వంతులవారీగ ఊర్లు గెలిచే ఆట ఇది. మిర్యాలగూడల నాకంటె పాత ఆటగాడు ఉంటే చూపించుండ్రి. నా తెగ కికూ. చేపలు పట్టుడు వాళ్లకు మొదటి టర్నుకే వచ్చి ఉంటది. ఒడ్డు పొంటి నాలుగు పోర్టులు కట్టి, వాటిని తాకేటట్టు ఐదు స్టార్లు (ఆటల పైసలు) పెట్టి కస్టమ్స్ హౌస్ లేపితే చాలు, పోర్టుకు రెండు చొప్పున టర్నుకు ఎనిమిది స్టార్లు పడుతుండె. ఆ పైసలతోని బ్యాటిల్‌షిప్పులు. ఏండ్లకేండ్లు ఇదే ఆట, ఇదే గెలుపు.

తర్వాత 'పాత్ ఆఫ్ ది ఓషన్' అప్‌డేట్ వచ్చింది. చాయ్ తాగేలోపు ఎక్కింది.

మా మేనల్లుడు హైదరాబాద్‌ల బీటెక్ చదువుతడు. వాడికి నాకు ఆన్‌లైన్‌ల రోజుకొక టర్ను లెక్క ఆట నడుస్తది. ఆ ఆటల ట్రేడ్ అనే విద్య కొని చూస్తే కస్టమ్స్ హౌసే లేదు, ఆ జాగల మార్కెట్ అని ఏదో ఉంది. పైసలు తగ్గితే తగ్గినయ్, పటాలం ఉంది గద అని కత్తివీరులను పోర్టు నుంచి ఓడలు ఎక్కించి వాడి ఊరి మీదికి తోలిన.

నా ఓడ పోయి వాడి ఓడ పక్కన నిలబడ్డది. వాడి ఓడ మీద నొక్కుత, ఏం కాదు. ఇంకోసారి నొక్కుత, అంతే. పాత ఆటల బోటు చిన్నదైనా ఒక దెబ్బ వేస్తుండె. ఇది కొయ్యబొమ్మ తీరు నిలబడ్డది. ఫోన్ చెడిందేమో అని సాగర్ రోడ్డు మీద ఒక దుకాణానికి పోయిన. ఆ పిలగాడు ఫోన్ సక్కగ చూడను కూడా చూడలే. "గ్లాస్ పోయింది అన్నా, మార్చాలె" అని టెంపర్ గ్లాస్ అంటించి పైసలు గుంజిండు. ఇంటికొచ్చి నొక్కితే మల్ల అదే కథ. రిపేర్ తెల్వనోళ్లు దుకాణం పెడితే గిట్లనే ఉంటది, మీరు మాత్రం గ్లాస్ మార్పించకుండ్రి.

ఈలోపు వాడి బాంబర్ ఓడలు మూడు గళ్ల దూరం నుంచి మొదలుపెట్టినయ్. గుండు ఒక గడిల పడితే పక్క గళ్లల ఉన్నయి కూడా దెబ్బతింటున్నయ్. వరుసగ పేర్చిన నా ఓడలు లోపలి కత్తివీరులతోని సహా మునిగినయ్. ఫోన్ చేసిన.

"మామా, అవి బోట్లు కావు, రాఫ్టులు. రాఫ్టుకు అటాక్ సున్నా. ఊకె మోస్తది."

"మరి ముందే చెప్పొద్దారా?"

"నువ్వు శత్రువువి గద మామా, ఎట్ల చెప్త?"

అంతటితోని ఊకున్నా బాగుండు. మునుగుతున్న ఓడల స్క్రీన్‌షాట్ తీసి, కింద 'మా మామ నౌకాదళం' అని రాసి ఇంటోళ్ల వాట్సాప్ గ్రూపుల పెట్టిండు. ఆటంటే ఏందో తెల్వని మా అక్క కూడా నవ్వే బొమ్మలు వరుసగ పెట్టింది. దసరాకు హాలియా పోతే మా బావ జమ్మి చేతుల పెట్టి, అలాయ్ బలాయ్ ఇచ్చుకుంట, "ఏం బామ్మర్ది, ఓడలు ఉన్నయా మునిగినయా" అన్నడు. నలుగురి ముందట!

యూట్యూబ్‌ల వెతికితే పాత వీడియోలే. ఇంకా కస్టమ్స్ హౌస్ కట్టుమనే చెప్తున్నరు. తప్పని తెలిసినంక వీడియో తీసెయ్యాలన్న సోయి ఉండదా మనిషికి? వ్యూస్ వస్తే చాలు.

ఇగ నేనే కూసొని ఒక్కొక్కటి నొక్కి చూసిన. రాఫ్టును మన సరిహద్దుల ఉన్నప్పుడే వేరే ఓడగ మార్చుకోవాలె: స్కౌటుకో ర్యామర్‌కో ఐదు స్టార్లు, బాంబర్‌కు పదిహేను. అయితే స్కౌటుకు సెయిలింగ్, ర్యామర్‌కు ర్యామింగ్, బాంబర్‌కు నావిగేషన్ అనే విద్యలు నేర్చుకుని ఉండాలె. ఒట్టి రాఫ్టును శత్రువు కండ్ల ముందటికి పంపొద్దు. జెయింట్ అనే పెద్ద సిపాయి మాత్రం నీళ్లల దిగితే జగ్గర్‌నాట్ అనే ఓడ అయితది, దానికి వేరే ఖర్చు లేదు.

పైసల సంగతి ఇంకా సులువు. సామిల్లు, విండ్‌మిల్లు, ఫోర్జ్ (కొలిమి), వీటి పక్కన మార్కెట్ పెడితే వాటి లెవెల్ ఎంతో అన్ని స్టార్లు. మిల్లుల పక్కన బేరం ఎట్ల నడుస్తదో మిర్యాలగూడోనికి ఒకరు చెప్పాల్నా? కికూను పక్కకు పెట్టి, అడవులెక్కువ దొరికే హూడ్రిక్ తెగను పట్టిన. మూడు స్టార్లకొక లంబర్ హట్ (కట్టె కొట్టే గుడిసె) చొప్పున కట్టి, మధ్యల సామిల్లు, దాన్ని తాకుతూ మార్కెట్. దీనికి మ్యాథమెటిక్స్, ట్రేడ్ రెండూ కావాలె. రెండూ మూడో మెట్టు విద్యలే. ఊర్లు పెరిగినకొద్ది వీటి ధర పెరుగుతది: రెండు ఊర్లున్నప్పుడు పది స్టార్లు, నాలుగున్నప్పుడు పదహారు. అందుకే నేను మూడో ఊరిని పట్టకముందే మ్యాథమెటిక్స్ కొంట. నా చేతిల ఓడిన మిల్లు గుమస్తా ఒకాయన ఇది పిరికి ఆట అంటడు. అననీ.

నిన్న రాత్రి మా కొత్త ఆట ఒడిసింది. మేనల్లుడి ఆఖరి ఊరికి నాకు మధ్యల ఒక్క గడి నీళ్లు. వాడు బాంబర్లన్నీ అవతలి సముద్రం దిక్కు పేర్చి నా ఓడల కోసం చూస్తున్నడు. ఓడలేం లేవు. రోడ్స్ నేర్చుకుంటే ఇప్పుడు బ్రిడ్జి వస్తది గద, అది కట్టి గుర్రాలను దాటిచ్చిన. స్క్రీన్‌షాట్ గ్రూపుల నేనే పెట్టిన, మా బావను ట్యాగ్ చేసి.