4 టీబీ డిస్క్, 2199 జీబీ దగ్గర ఆగిపోయింది: పాత జియాన్ సర్వర్, మూడో వారం

దొరికింది! మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిన సమస్య నిన్న పదకొండున్నరకి తేలింది.

మిగతావన్నీ బాగానే ఉన్నాయి. బయాస్ అప్‌డేట్ అయింది, రెండు ఎక్స్5650 ప్రాసెసర్లు కూర్చున్నాయి, 48 జీబీ ర్యామ్ మొత్తం కనిపిస్తోంది, డెబియన్ 12 లైనక్స్ ఎక్కింది. డిస్కులు తగిలించే కార్డు మీద ఎస్ఏఎస్1068ఈ చిప్ ఉంది. దీనికి సపోర్టుని ఇంకో లైనక్స్ అయిన రెడ్ హ్యాట్ 8లోనే తీసేశారు, డెబియన్‌లో దాని డ్రైవర్ ఎంపీటీఎస్ఏఎస్ ఇంకా ఉంది. పాత సామానుకి నా ఓటు ఎప్పుడూ డెబియన్‌కే.

ఇక అసలు గొడవ. కొత్త 4 టీబీ సాటా డిస్క్ పెడితే 2199 జీబీ అంటోంది. 781 కోట్ల 40 లక్షల సెక్టార్లు (ఒక్కోటి 512 బైట్ల ముక్క) ఉండాల్సిన చోట 429 కోట్ల 49 లక్షలే! ముందు పార్టిషన్ టేబుల్‌ని (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టికని) అనుమానించాను, దాని పాత రకం ఎంబీఆర్ కూడా సరిగ్గా ఇక్కడే ఆగుతుంది కదా. తుడిచేసి కొత్త రకం జీపీటీ రాశాను. అదే సైజు. డిస్క్ పెట్టే బే మార్చాను, కేబుల్ మార్చాను, కార్డుకి చివరి ఫర్మ్‌వేర్ ఎక్కించాను. హీట్‌సింక్ మీద వేలు రెండు సెకన్లు కూడా ఆనించలేకపోయాను, వేడికేమో అని 80 ఎంఎం ఫ్యాన్ కట్టాను. చల్లబడింది గానీ ఒక్క సెక్టార్ కూడా పెరగలేదు.

కేబుల్ లోపమైతే ఎర్రర్లు వస్తాయి, డిస్క్ వచ్చిపోతూ ఉంటుంది. ఇక్కడ ప్రతిసారీ అదే సెక్టార్ల అంకె. దాన్ని కాగితం మీద రాసుకుని చూస్తే వెలిగింది: 2ని 32 సార్లు హెచ్చిస్తే వచ్చేది అదే. డిస్క్ తీసి మదర్‌బోర్డు సాటా పోర్టుకి నేరుగా తగిలించాను. 3.6 టీ (1024ల లెక్కలో 4 టీబీ అంటే ఇదే)! అంటే హద్దు కార్డు చిప్‌లోనే ఉంది, ఏ ఫర్మ్‌వేరూ దాన్ని దాటించదు. 2 టీబీ వరకు డిస్కులకి మాత్రం ఈ కార్డు ఇప్పటికీ బంగారమే.

ఒక్క జాగ్రత్త. మదర్‌బోర్డు పోర్టు మీద పార్టిషన్ చేసిన ఈ డిస్క్‌ని మళ్లీ ఆ కార్డుకి తగిలించకండి. జీపీటీ రెండో కాపీ డిస్క్ చివర్లో ఉంటుంది, కార్డు అంతదూరం చేరలేదు.

ఇప్పుడు ఎస్ఏఎస్2008 చిప్ ఉన్న సెకండ్ హ్యాండ్ కార్డు వెతుకుతున్నాను. నా కేబుల్ కనెక్టర్ ఎస్ఎఫ్ఎఫ్-8087 రకం కాబట్టి దానికీ సరిపోతుంది. ఐటీ ఫర్మ్‌వేర్ (డిస్కుల్ని కలపకుండా విడివిడిగా చూపించేది) వేసి డిస్కులు నేరుగా జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌కి ఇస్తాను. డిస్కుల్ని తనే కలిపేసే రైడ్ కార్డు మీద జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టడం నాకు అస్సలు నచ్చదు. ఆ తర్వాత కరెంటు సంగతి. ఖాళీగా ఉన్నా 160 వాట్లు లాగుతోంది. ఒక ప్రాసెసర్ తీసేద్దామంటే దాని వైపు ర్యామ్ స్లాట్లన్నీ పోతాయి. మిగిలిన స్లాట్లలో పెట్టడానికి ముందు 8 జీబీ ర్యామ్ స్టిక్కులు ఏ ధరకి దొరుకుతాయో చూడాలి.