మోగని ఫోన్‌ను నమ్మొచ్చా?

శుక్రవారం, హనుమకొండ

పొద్దున ఆఫీసుకు వెళ్లగానే మా సార్‌కు చెప్పేశాను, మిషన్లన్నింటినీ కాపలా కాసే జాబిక్స్ అనే సాఫ్ట్‌వేర్ పెడదామని. చాలా రోజులుగా నానుతున్న సంగతి ఇది. ఎనుమాముల, నర్సంపేట, మానుకోటలో మిర్చి దాచే మా కోల్డ్ స్టోరేజీలు. హనుమకొండలో సర్వర్. ఇవికాక వేబ్రిడ్జి కంప్యూటర్లు, కెమెరా రికార్డర్లు, యూపీఎస్‌లు, రౌటర్లు. ఒక్కోదానికి ఒక్కో యాప్, ఒక్కో పాస్‌వర్డ్. ఏది నడుస్తోందో, ఏది ఆగిందో ఒకేచోట కనపడాలి. ఆగితే రాత్రయినా సరే మనిషిని లేపాలి.

"ఫ్రీయేనా?" అన్నారు సార్. సాఫ్ట్‌వేర్‌కు పైసా అక్కర్లేదు, నేను పోల్చి చూసినవన్నీ ఓపెన్ సోర్సువే. ఖర్చంతా సెన్సార్లకూ, ఊరికొకటి పెట్టే చిన్న కంప్యూటర్‌కూ. "సరే, ఎస్టిమేట్ రాసియ్యి" అన్నారు.

ఇలాంటి పనే చేసే నాగియోస్‌ను వదులుకోవడానికి మనసు ఒప్పలేదు. 1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలైన పాత కాపు అది. దేన్ని చెక్ చేయాలన్నా చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటే చాలు, అది ఒక అంకె తిరిగిస్తుంది. 0 అంటే బాగుంది, 1 అంటే జాగ్రత్త, 2 అంటే ప్రమాదం, 3 అంటే తెలియదు. ఆ 3 నాకు చాలా నచ్చుతుంది. తెలియనిదాన్ని బాగున్నదాంట్లో కలపకుండా విడిగా చూపిస్తుంది. కానీ సెట్టింగులన్నీ ఫైళ్లలో చేత్తో రాయాలి, గ్రాఫులకు ఇంకేదో తగిలించాలి. రేపు నా సీట్లో కూర్చునేవాళ్లకు అది భారం.

ప్రొమీథియస్ సంగతి వేరు. 2012లో సౌండ్‌క్లౌడ్ కంపెనీలో పుట్టింది. గ్రాఫులు గీసిపెట్టే గ్రాఫానా తోడైతే స్క్రీన్ చూడముచ్చటగా ఉంటుంది. అయితే అది కేంద్రం నుంచి ఒక్కో మిషన్ దగ్గరికి వెళ్లి లెక్క అడిగి తెచ్చుకునే రకం. గాలివాన వస్తే నర్సంపేట లైను అరగంట పోతుంది. ఆ అరగంట గ్రాఫులో ఖాళీగా మిగిలిపోతుంది. చాంబర్ వేడెక్కిందా లేదా అని నాకు తెలియాల్సింది సరిగ్గా ఆ అరగంట సంగతే. ఊరికొక ప్రొమీథియస్ పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు వాటన్నింటినీ కాపలా కాయాలి.

జాబిక్స్‌లో ప్రాక్సీ అని ఉంటుంది. ఆ చిన్న కంప్యూటర్ ఊళ్లోనే కూర్చుని రీడింగులు తీసుకుంటుంది. లైను పోతే తన దగ్గరే దాచుకుని, వచ్చాక పంపిస్తుంది. మామూలుగా గంటసేపటి లెక్క దాస్తుంది, సెట్టింగ్ మారిస్తే 720 గంటల దాకా. నేను మూడు రోజులకు పెడతాను. నా నిర్ణయం ఇక్కడే అయిపోయింది.

మధ్యాహ్నం ఎనుమాములకు వెళ్లాను. ఎండ మండిపోతోంది, లోపల మాత్రం స్వెట్టర్ కావాలి. హమాలీలు బస్తాలు దించుతున్నారు, తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు పక్కనున్న మీటర్ ఆరు డిగ్రీల నుంచి తొమ్మిదికి ఎక్కింది. తలుపు వేశాక మెల్లగా దిగింది. ఎనిమిది దాటగానే అలారం కొట్టేలా పెడితే లోడు వచ్చిన ప్రతిసారీ ఫోన్ మోగుతుంది, నాలుగు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. అందుకే పదిహేను నిమిషాల్లో వచ్చిన రీడింగుల్లో అన్నింటికన్నా తక్కువది కూడా ఎనిమిది దాటితేనే కొట్టాలి. తిరిగి ఆరుకు దిగితేనే ఆగాలి.

ఆపరేటర్ అన్నకు ఇదంతా చెప్తుంటే శ్రద్ధగా విని అడిగాడు: "సార్, రాత్రి ఫోన్ మోగలేదంటే అంత మంచిగున్నట్టే కదా?"

కాదన్నా, అన్నాను. సెన్సార్ వైరు ఊడినా మోగదు, ప్రాక్సీ ఆగినా మోగదు, ఆఫీసు సర్వరే పడిపోయినా మోగదు. ఏ టూల్ తీసుకున్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. అందుకే రీడింగ్ రాకపోవడాన్ని కూడా ఒక ఫిర్యాదుగానే పెడుతున్నాను. ప్రాక్సీ చివరిసారి ఎప్పుడు పలికిందో సర్వర్ చూసుకుంటుంది. సర్వర్‌ను చూడ్డానికి బయట అద్దెకు తీసుకున్న చిన్న మిషన్‌లో అప్‌టైమ్ కూమా అనే ఇంకో చిన్న కాపలా ప్రోగ్రామ్ ఉంటుంది. సర్వర్ నిమిషానికోసారి దానికి కబురు పంపాలి, ఆగితే అది నాకు చెప్తుంది. అది మా బిల్డింగులో, మా కరెంటు మీద, మా ఇంటర్నెట్ మీద ఉండకూడదు.

నెట్‌వర్క్ లైను తెగితే దాని వెనకున్నవన్నీ ఒకేసారి ఎర్రగా మారతాయి. అప్పుడు రౌటర్ గురించి ఒక్క మెసేజే రావాలి. ఏది దేని మీద ఆధారపడి ఉందో జాబిక్స్‌కు చెప్పి పెడితే మిగతావాటిని అణిచి ఉంచుతుంది. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా ఒక్కోటి కూర్చుని రాయాల్సిందే.

చాంబర్లను చల్లబరిచే అమోనియా గ్యాసు లీకును మాత్రం దీనికి అప్పగించను. దానికి అక్కడికక్కడే మోగే సైరన్ ఉండాలి. చల్లదనం సంగతి అలా కాదు. కంప్రెసర్ ఆగినా మందపాటి గోడలు కొంతసేపు చలిని పట్టి ఉంచుతాయి, జనరేటర్ వేసుకునే వ్యవధి ఉంటుంది. కబురు ఒక్క నిమిషంలోనే రానక్కర్లేదు, తప్పకుండా రావాలి. మార్చిలో రేటు నచ్చక రైతులు ఇక్కడ పెట్టిన మిర్చి ఇది. వేడి తగిలితే రంగు తగ్గుతుంది, రంగు తగ్గితే రేటు తగ్గుతుంది. బస్తాల రసీదు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల సొమ్ముకు మేం పూచీ.

సాయంత్రం మెసేజీలు రాయడం మొదలుపెట్టాను. టెలిగ్రామ్‌లో వెళ్లేవి తెలుగులోనే: "ఎనుమాముల 2వ చాంబర్ వేడెక్కుతోంది. తలుపు, కంప్రెసర్ చూడండి." ఇంటర్నెట్ లేనప్పుడు సర్వర్‌కు తగిలించిన జీఎస్‌ఎం మోడెం నుంచి ఎస్సెమ్మెస్ వెళ్తుంది, అది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. మొదట ఆపరేటర్‌కు, పది నిమిషాల్లో ఆయన చూశానని నొక్కకపోతే నాకు, తర్వాత మేనేజర్‌కు.

రేపు మానుకోట నుంచే మొదలు. ఒక్కో చాంబర్‌కు మూడు సెన్సార్లు: తలుపు దగ్గర, నడుమ, పై అరల బస్తాల వెనక. బిగించాక పట్టపగలే ఒక్కో వైరూ పీకి, కబురు ఎవరెవరికి ఎంతసేపట్లో వెళ్లిందో రిజిస్టర్లో రాయించాలి. అదయ్యాకే నర్సంపేట.