మూడోసారి పంపితే బతికింది

మా ఊరి గోబర్ గ్యాస్ గుంతలో దొరికిన బాక్టీరియాకు పేరు పెట్టే పనిలో మూడేళ్లు పోయాయి. బాక్టీరియాను బతికించి దాచే విదేశీ కల్చర్ కేంద్రం నుంచి, మా కల్చర్ పెరిగిందన్న సర్టిఫికెట్ నిన్న రాత్రి వచ్చింది. చదివి ఏడ్చేశాను.

జన్యు పరీక్షలు తొందరగానే తేలాయి. తెలిసిన జాతులతో పోలిస్తే, బాక్టీరియాను గుర్తుపట్టడానికి వాడే 16ఎస్ జన్యువు పోలిక 98.7 శాతం కంటే, మొత్తం జీనోమ్ (జన్యు పదార్థమంతా) పోలిక 95 శాతం కంటే తక్కువ వచ్చాయి. ఎసిటోబాక్టీరియం ప్రజాతిలో కొత్త జాతి అని తేలింది.

అసలు కష్టం కల్చర్ దగ్గర మొదలైంది. పేరు చెల్లాలంటే రెండు వేర్వేరు దేశాల కేంద్రాల్లో బతికున్న కల్చర్ పెట్టాలి. మన దేశంలోని కేంద్రానికి రెండు రోజుల్లో చేరింది, పెరిగింది. విదేశం నుంచి మాత్రం 'పెరగలేదు' అని మెయిల్. మళ్లీ పంపితే మళ్లీ అదే మాట. డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో ఒక పెద్ద సారు అందరి ముందూ, "అసలు ఆ బాక్టీరియా ఉందా అమ్మా, కాగితం మీదేనా?" అన్నారు. జూనియర్లు నవ్వారు. ఆ రాత్రి హాస్టల్‌లో అన్నం ముట్టలేదు.

ఈ బాక్టీరియా స్పోర్లు (కష్టకాలం తట్టుకునే గట్టి రూపం) కట్టదు, ఆక్సిజన్ తగిలితే చస్తుంది. అది పెరిగే మీడియంలో రెసాజురిన్ అనే సూచిక రంగు వేస్తాం, గాలి చొరబడితే గులాబీ రంగు తిరుగుతుంది. పంపేటప్పుడు సీసాల్లో రంగే లేదు. మరి దారిలో ఏమైంది? అలాంటివే నాలుగు సీసాలు అల్మారాలో పెట్టి రోజూ చూశాను. ఆరో రోజు బిరడా కింద గులాబీ చార కనిపించింది. స్టోర్ వాళ్లు చవకని మామూలు రబ్బరు బిరడాలు ఇచ్చారు! వాటిలోంచి ఆక్సిజన్ మెల్లగా దిగుతుంది. బ్యూటైల్ రబ్బరువే కావాలని ఇండెంట్‌లో రాశాను, ఆ కాపీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. సొంత డబ్బుతో మందపాటి బ్యూటైల్ బిరడాలు కొని మూడోసారి పంపాను. పెరిగింది.

మీరు ఈ పనిలో ఉంటే స్టోర్ మాట నమ్మకండి. ప్రతి సీసానూ పదిరోజులు కళ్లతో చూశాకే పంపండి. కల్చర్‌ను దేశం దాటించే అనుమతి కాగితాలు చాలా ముందే మొదలుపెట్టండి.

ఇంకొకటి. ఎసిటోబాక్టీరియం లాటిన్‌లో నపుంసక లింగం. కాబట్టి మా ఊరి పేరుతో పెట్టే జాతి పేరు చివర 'ఎన్సిస్' రాకూడదు, 'ఎన్సె' రావాలి. ఆ తప్పు మా గైడ్ డ్రాఫ్ట్‌లో ఉంది, పట్టుకున్నది నేనే.

పేపర్ అచ్చయ్యేదాకా పేరు ఇక్కడ రాయను. నాయినకు మాత్రం ఫోన్ చేసి చెప్పాను. "మన ఊరి పేరా బిడ్డా? ఇంకోసారి చెప్పు" అన్నడు.