మీ నాయన కోపమే వచ్చింది నీకు

పొద్దున ఉగ్గానికని నానబెట్టి నీళ్లు పిండేసి పెట్టిన బొరుగుల గిన్నెను పాప బోర్లించేసింది, పక్కనున్న పప్పుల పొడితో సహా. అసలే బస్సు టైమ్. ఎంత గట్టిగా అరిచానంటే, అది ఏడవడం కూడా మర్చిపోయి గోడకు అతుక్కుపోయింది. అమ్మ బజ్జీలు తీస్తూ, ఇటు తిరగకుండానే, "అచ్చం మీ నాయన కోపమే వచ్చింది నీకు" అనింది.

బస్సు రాప్తాడు దాటినా ఆ మాట వదల్లేదు. నాయన ముక్కు వచ్చింది, నాయన పొట్టి వేళ్లు వచ్చాయి, కోపం మాత్రం రాకుండా ఎట్లా పోతుంది? అయితే ఇదంతా ఏదో ఒక్క జీన్ పని అనుకోవడానికి లేదు. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక జీన్ పొట్టిగా ఉంటే కష్టాలకు మనసు తొందరగా కుంగిపోతుందని 2003లో గట్టిగానే చెప్పారు, 2019లో లక్షలమంది వివరాలు తీసి చూస్తే అది నిలబడలేదు.

అన్నదీ అదే రక్తం. వాడు అలిగితే మూడు రోజులు ఇంట్లో మాటుండదు, అచ్చం నాయనే. నాకు పది నిమిషాల్లో దిగిపోతుంది. కరువు ఏళ్లలో అమ్మానాయనలు బెంగళూరుకు బిల్డింగ్ పనికి పోతూ వాడిని తీసుకుపోయారు, నన్ను ఆరేళ్లు వచ్చేదాకా అవ్వ దగ్గర వదిలారు. అవ్వ కూడా అరిచేది, తక్కువేం కాదు. కానీ కాసేపటికి "సర్లే, ఇట్లా రా" అని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, నడినెత్తిన ఇంత ఆముదం పోసి, గరుకు వేళ్లతో చెవుల వెనక దాకా రుద్దేది. ఆ జిడ్డు వాసనకే నా ఏడుపు ఆగిపోయేది.

మాంట్రియల్‌లో మైకేల్ మీనీ బృందం ఎలుకల మీద చేసిన పని 2004లో అచ్చయింది. తల్లి బాగా నాకి పెంచిన పిల్లల్లో, ఒత్తిడి హార్మోనును అదుపు చేసే జీన్ మెదడులో బాగా పనిచేస్తుంది, భయపడినా తొందరగా తేరుకుంటాయి. పెద్దగా నాకని తల్లికి పుట్టినదాన్ని బాగా నాకే తల్లి దగ్గర వేసినా అంతే. ఒక అన్నను, ఒక చెల్లెలిని, కొన్ని ఎలుకలను పెట్టుకుని సిద్ధాంతం కట్టకూడదని తెలుసు, అయినా నాకు అవ్వ వేళ్లే గుర్తొస్తాయి.

బీఈడీలో బట్టీ కొట్టిన, మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త ప్రయోగం కూడా గుర్తొచ్చింది. ఏడాది పిల్లను గదిలో వదిలి తల్లి బయటికి పోతుంది. పిల్ల ఎంత ఏడ్చిందన్నది కాదు, తల్లి తిరిగొచ్చాక ఏం చేస్తుందన్నదే అసలు చూడాల్సింది. బెంగళూరు నుంచి అమ్మ ఉగాదికి వస్తే నేను అవ్వ చీర చాటుకు పోయేదాన్ని. అమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తదు.

సాయంత్రం గేటు తీసేసరికి పాప అరుగు మీదే ఉంది. పరిగెత్తుకుని రాలేదు. చెప్పులు విప్పేదాకా చూసి, లోపలికి పోయి దువ్వెన తెచ్చి నా ఒళ్లో పడేసి, వెనక్కి తిరిగి కూర్చుంది.